కుళాయి నీళ్లపై మంత్రిగారి హైపోథిసిస్

"ఇకపై ఈ ప్రభుత్వం హైపోథిసిస్ లేకుండా అడుగు తీసి అడుగు వేయదు!"

నీటి సరఫరా మంత్రిగారు మా వీధి మొగలో నిలబడి ఇలా ప్రకటించారు. అప్పటికి ఇంటికొకరు వాంతులతో మంచం పట్టి ఉన్నారు. మరో మంత్రి అయితే వచ్చీరాగానే పైపులు తవ్వించేవాడు. ఈయన ఆలోచనాపరుడు.

"అంటే ఏంటండీ?" అని మా ఆవిడ అడిగింది.

ఆయన వెంట వచ్చిన ల్యాబ్ మేడమ్ చెప్పింది. "ఫలానా కారణం అయ్యుండొచ్చని ముందు ఒకటి అనుకుంటామమ్మా. తర్వాత పరీక్ష పెట్టి చూస్తాం. తప్పని తేలితే వదిలేస్తాం."

"ఆ చివరి ముక్క అక్కర్లేదు," అన్నారు మంత్రిగారు. "నా హైపోథిసిస్ వినండి. కుళాయి నీళ్లు శుభ్రం. తప్పంతా మీ బిందెలది."

బిందెలు తళతళలాడేలా తోముకున్నాం. వాంతులు తగ్గలేదు సరికదా, మా పాప ఆసుపత్రిలో చేరింది. పరామర్శకు వచ్చిన మంత్రిగారు ఏమాత్రం చలించలేదు. బిందెలు కాకపోతే భయమే కారణమన్నారు. భయపడితే కడుపులో తిప్పుతుందట.

"దానికింకా మాటలే రాలేదు సార్, భయమేం తెలుసు?" అంది మా ఆవిడ, పాప చేతికున్న సెలైన్ సూది చూపిస్తూ.

"తల్లి భయం పాలలో దిగుతుందమ్మా!"

అప్పటికప్పుడు అంత లోతైన మాట తట్టడం సామాన్యమా? నేను పాప పాదం పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది.

ఆయన వెంటే ఉన్న ల్యాబ్ మేడమ్ ఉండబట్టలేకపోయింది. "సార్, అసలు ఏం జరిగితే మీ హైపోథిసిస్ తప్పని ఒప్పుకుంటారు?"

మంత్రిగారు గడ్డం నిమురుకుంటూ ఆలోచించారు. "అది ప్రతిపక్షం వాళ్లదైతే."

మర్నాడే మేడమ్‌ను వర్షపాతం కొలిచే ఆఫీసుకు బదిలీ చేశారు.

అదృష్టం బాగుండి పాప తేరుకుంది. డాక్టరు నీళ్లు మార్చమన్నాడు, మేం ఇల్లే మార్చాం. మా వెనకే ఒక్కొక్కరూ సామాన్లు సర్దుకున్నారు. చివరికి వీధి ఖాళీ అయింది. దాంతో జబ్బు కూడా పూర్తిగా ఆగిపోయింది. నిరూపణ అంటే అదీ!

విజయోత్సవ సభకు నేనూ వెళ్లాను. తాళాలు పడ్డ ఇళ్ల మధ్య, కుళాయి పక్కనే వేదిక. చప్పట్లకు జనాన్ని లారీలో తోలుకొచ్చారు.

"ఈ వీధిలో ఒక్క రోగి ఉంటే చూపించండి!" అని మంత్రిగారు సవాలు విసిరారు. ఎవరూ చూపించలేకపోయారు.

ఎండ మండిపోతోంది. వేదిక మీదున్న మంత్రిగారి శ్రీమతి దాహానికి తాళలేక లేచి, కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంది.

"ఏమేవ్!" మైకు దద్దరిల్లింది. "ఆ నీళ్లు తాగకు!"

"అదేంటండీ, ఇప్పుడేగా మీరు..."

ఆమె మాట పూర్తి కాకముందే పీఏ పరుగున వెళ్లి గ్లాసు లాక్కున్నాడు. ఇదీ ఉపన్యాసంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు.