యాక్టింగ్ గుమాస్తా తాళంచెవి

చిన్నప్పటి నుంచీ నన్నొక సందేహం వదలడం లేదు. మావాళ్ళు కూలికి వలసొచ్చిన ఈ దేశానికి మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు, సొంతూరికి వెళ్ళిపోతున్న తెల్లదొరలకు నష్టపరిహారం ఇచ్చారట. సొంతూరికి వెళ్ళడంలో నష్టం ఏమిటి?

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. రోజూ దీపం పెట్టుకుని సంసారం ఈదుకునేవాణ్ణి. అయినా ఇన్నేళ్ళు ఆలోచించి ఒక సత్యం కనిపెట్టాను. ఉద్యోగం పర్మనెంట్ కాకపోవడమే మహాభాగ్యం!

మా నాయన పకీరిసామే సాక్షి. అప్పుడాయనకు ఇరవై ఏళ్ళు, ఒక జిల్లా ఆఫీసులో యాక్టింగ్ గుమాస్తా, అంటే తాత్కాలికం. ఆ రోజుల్లో పెద్ద తగువు నడిచింది. మా భవిష్యత్తు పోయింది, పరిహారం ఇవ్వండని దొరలు. ఆ కుర్చీలు మాకివ్వండి, ఆలస్యం దేనికని మనవాళ్ళ యూనియన్. మెల్లగా ఇద్దాం, అనుభవం వద్దా అని సర్కారు వేసిన కమిటీ. చివరికి అందరూ ఒప్పుకున్నారు: ఉద్యోగాలు ఈ దేశస్థులకే!

అప్పుడు పుట్టింది అసలు ప్రశ్న. ఈ దేశస్థుడంటే ఎవడు?

నాయన ఆఫీసులో దొర సముద్రం అవతల పుట్టాడు. కాగితాలన్నీ ఉన్నాయి, పరిహారం వచ్చింది. నాయన సుంగై సుమున్ ఎస్టేట్ లైన్లో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, పుట్టాడు. పుట్టినట్టు కాగితం లేదు. మనిషి ఎదురుగా నిలబడితే చాలదా? చాలదు!

వెళ్తూ వెళ్తూ దొర ఫైళ్ళ బీరువా తాళంచెవి నాయనకిచ్చి, పర్మనెంట్ ఆఫీసరుకు మాత్రమే అప్పగిస్తానని సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఆఫీసరు రానే లేదు. యాక్టింగులు వచ్చారు, పోయారు. రెండేళ్ళకు, పుట్టిన కాగితం లేదని, నాయన ఉద్యోగమూ పోయింది. బీరువా ఎలా తెరిచారంటారా? పగలగొట్టి ఉంటారు. దానికి కమిటీ అక్కర్లేదు.

తాళంచెవి మా పూజగూట్లో చేరింది. అమ్మ ఏమనుకుందో, ప్రతి శుక్రవారం దానికీ కుంకుమ పెట్టేది.

చూశారా యాక్టింగ్ మహిమ! పర్మనెంట్ అయితే నాయన ఎప్పుడో రిటైరయ్యేవాడు. ఎనభై ఎనిమిదో ఏట కూడా డ్యూటీలోనే ఉన్నాడు! మా గుడి కమిటీ తాత్కాలిక అధ్యక్షుణ్ణి చూడండి, పద్నాలుగేళ్ళుగా కదల్లేదు. అంతెందుకు, ఈ శరీరంలో మనమంతా యాక్టింగే కదా? కన్ఫర్మ్ అయినవాడు పైవాడొక్కడే!

పోయిన నెల నాయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"సర్కారోడి సొత్తు ఇంట్లో ఎట్టుకొని దేవుడి కాడికి ఏ మొకంతో ఎల్తానురా? నన్ను ఆపీసుకి తీసుకెల్లు."

తీసుకెళ్ళాను. కౌంటర్‌లో మేనక అనే అమ్మాయి కథంతా విని, కుంకుమ అంటిన తాళంచెవిని తిప్పి తిప్పి చూసింది.

"నేను సైన్ చెయ్యకూడదు తాతా. పర్మనెంట్ ఆఫీసరు చెయ్యాలి."

"పిలువమ్మా ఆయన్ని."

"ఇంకా వెయ్యలేదు లా," అంది ఇక్కడి యాసలో. "యాక్టింగ్ ఆయనున్నారు. లీవు."

నాయన కళ్ళు మెరిశాయి. "మరి నువ్వేటమ్మా?"

"కాంట్రాక్టు. ఏడేళ్ళ నుంచి. ఏడాదికోసారి పొడిగిస్తారు."

"పుట్టిన కాగితం లేదా నీకు?"

"ఉంది తాతా. డిగ్రీ కాగితం కూడా ఉంది."

"అన్నీ ఉంటే మరేటి అడ్డం?"

మేనక తాళంచెవిని బల్ల మీద పెట్టింది. అంత మహాభాగ్యం ఎదురుగా కూర్చుని ఉంటే, శుభాకాంక్షలు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాయనే తాళంచెవిని ఆమె ముందుకు జరిపాడు. "సంతకం ఎట్టీ తల్లీ. పుచ్చుకున్నప్పుడు నేనూ పర్మనెంట్ కాదు. ఇన్నేల్లు కాసినాను కదా? కాసీవోడే ఆపీసరు."

ఆమె అటూ ఇటూ చూసి కాగితం లాగింది. 'తాళంచెవి ఒకటి, అందినది' అని రాసి సంతకం చేసింది. కింద చిన్న అక్షరాలతో 'కాంట్రాక్టు' అని చేర్చింది.

నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ తర్వాత డ్యూటీ దిగాడు.