మామగారి కారుకు ముందుకాళ్ళు

శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి పాత కారుకి ముందుకాళ్ళు, అంటే కుదుపులు ఆపే సస్పెన్షన్, ఊడదీసి, అదే కంపెనీవారి తరవాతి మోడల్ కారుది తెచ్చి బిగించడం. ఆ రెండో కారు కూడా తయారుగానే ఉంది. ఇంజను బాగున్నా ఒళ్ళంతా తుప్పు. షెడ్డులో రెండూ మూతులు బయటికి పెట్టుకుని పక్కపక్కనే నిలబడ్డాయి.

చూపు మందగించాక మామగారు ఆ పాత కారు తాళాలు అల్లుడి చేతిలో పెట్టారు. చిన్న గుంతలో పడ్డా ఊయలలా ఊగి, కూర్చున్నవాళ్ళ పళ్ళు కదిలించే బండి అది. రేపు ఆయన షికారుకి వస్తున్నారు. పెళ్ళయిన నాటినుంచీ అల్లుడు ఆయన నోట ఒక్క "శభాష్" విని ఎరగడు. రేపు విని తీరాలి!

"ఏముంది బావా, నాలుగు బోల్టులు!" అన్నాడు బావమరిది చేతులు రుద్దుకుంటూ.

మధ్యాహ్నానికల్లా కొత్త కాళ్ళు బిగిశాయి. ఇద్దరూ ఈలవేసి బండిని జాకీ మీంచి దించారు. చక్రాలు మడ్‌గార్డుల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి.

"దాని మడ్‌గార్డులే వేసేద్దాం బావా!"

వేశారు. బానెట్ మూసుకోనంది. బానెట్ కూడా మార్చారు. స్టీరింగ్ కలవనంది. చక్రంతో సహా అదీ మారింది.

"ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదేనండీ," అంది భార్య గుమ్మంలోంచి.

ఇంతలో, తుప్పుబండిని తీసుకెళ్తానన్న పాత ఇనుము కొనేవాడు ఫోను చేశాడు. "చక్రాల మీద దొర్లితేనే బండి లాక్కెళ్తా. ముక్కలు మొయ్యను." దాంతో మామగారి కారునుంచి తీసినవన్నీ బావమరిది ఆ తుప్పుబండికి తగిలించేశాడు. "హారన్ మాత్రం పారెయ్యడమెందుకు? అదీ పెట్టేశా," అన్నాడు గర్వంగా.

ఆదివారం మామగారు కర్ర తాటించుకుంటూ నేరుగా తుప్పుబండి దగ్గరికే వెళ్ళారు. బానెట్ నిమిరారు. లోపల కూర్చుని స్టీరింగ్ తడిమారు. హారన్ నొక్కారు.

"ఇదే నా బంగారం!" అని పక్క సీట్లోకి జరిగారు. "చూస్తావేమయ్యా అల్లుడూ? పోనీ!"

"మావయ్యగారూ, అసలు సంగతేంటంటే..."

"సంగతులు దార్లో చెప్దువుగాని!"

వీధి మలుపులో మొదటి గుంత వచ్చింది. బండి ఈ చివరినుంచి ఆ చివరికి ఊగింది. అల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన చూస్తే మామగారు పసిపిల్లాడిలా పగలబడి నవ్వుతున్నారు.

"అబ్బ, అదే ఊపు! ఎక్కడ బాగుచేయించేస్తావోనని రాత్రంతా నిద్రపట్టలేదు. ప్రతి గుంతకీ మీ అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకునేదయ్యా. చెయ్యి పెట్టకుండా అలాగే ఉంచావు. శభాష్!"

అల్లుడు చెప్పాల్సిన సంగతి మింగేసి, దారి తప్పించి మరీ రెండో గుంతలోకి పోనిచ్చాడు.

తిరిగొచ్చేసరికి ఇనుము కొనేవాడు తాడుతో సిద్ధంగా ఉన్నాడు. మామగారు కర్ర ఎత్తి, షెడ్డులో మిగిలిన తన అసలు కారును చూపించారు. "ఆ తుక్కు లాక్కుపో నాయనా. నా బండి పక్కన దిష్టిబొమ్మలా ఉంది."

వాణ్ణి ఎలాగో రేపు రమ్మని పంపించి, మామగారిని సాగనంపి, అల్లుడు కాఫీ కప్పు పట్టుకుని షెడ్డులో కూర్చున్నాడు. ఈసారి పథకం కూడా చాలా చిన్నదే. తెల్లారేలోగా దేని ముక్కలు దానికి తిరిగి బిగించడం.