సొరచేప నాణెం, ఇరవై రెండు మూలలు

ఫొటోగ్రాఫరు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కెప్టెన్ గారి వెండి నాణేన్ని ఫొటో తీయడం, భోంచేసి కాసేపు నడుం వాల్చడం, నాలుగింటికి ఆయన రాగానే నాణేన్ని ఆయన చేతిలో పెట్టడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరు అడగవచ్చు. అతనూ తనని తాను అదే అడిగి, ఏమీ లేదని జవాబు కూడా చెప్పుకున్నాడు.

నాణెం మాత్రం ఆషామాషీది కాదు. దాని మీద నోరు తెరుచుకున్న సొరచేప ఉంటుంది, పన్ను పన్నూ లెక్కపెట్టుకోవచ్చు. కెప్టెన్ గారు ముప్ఫై ఏళ్ళు ఓడ నడిపి దిగిపోయిన రోజున, ఆయన కింద పనిచేసిన వాళ్ళంతా కలిసి ప్రత్యేకంగా చేయించి ఇచ్చారు. అలాంటిది మరొకటి లేదు. నాణేలు సేకరించేవాళ్ళు తమ ప్రదర్శన పుస్తకంలో దాని బొమ్మ వేస్తామంటే ఆయన నెల రోజులు ఆలోచించి, చివరికి ఫొటోగ్రాఫరుని నమ్మి తెచ్చి ఇచ్చారు. "డబ్బీ మాత్రం తెరవకండి" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ అదే మాట అన్నారు.

రాత్రి భార్య కూడా అదే చెప్పింది. "ఆ డబ్బీ జోలికి పోకండి. పెద్దాయన ప్రాణమంతా అందులోనే ఉంది."

"నా పని నాకు తెలుసులే" అన్నాడు అతను.

తెల్లారాక ఆ పని మొరాయించింది. ప్లాస్టిక్ డబ్బీ మీద లైటు పడగానే సొరచేప మాయమై లైటొక్కటే మెరుస్తోంది. ఎటు తిప్పినా అంతే. తొమ్మిదిన్నరకి ఓపిక నశించి, డబ్బీ అంచులో గోరు దూర్చి, ఒక్క మెలి తిప్పి నాణేన్ని బయటికి తీశాడు. ఒక్క నిమిషమేగా అని సర్దిచెప్పుకున్నాడు.

ఇంట్లో ఉన్నది ఒకటే పొడవాటి బల్ల. ఒక కొసన అతని కెమెరా, రెండో కొసన భార్య కుట్టుమిషను. ఆమె కర్టెన్లు కుడుతుంది. ఆ రోజు పళ్ళ డాక్టరు గారి క్లినిక్కుకి పదకొండు కర్టెన్లు ఇవ్వాలి. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో కర్టెను కింది మూలలు రెండింటిలో ఒక్కో ఇనుప వాషరుని గుడ్డలో చుట్టి, మడతలో పెట్టి కుట్టేస్తుంది. సరిగ్గా ఇరవై రెండు వాషర్లు లెక్కపెట్టి బూడిదరంగు గుడ్డ మీద పోసుకుని, చివరి కర్టెన్ల దాకా వచ్చింది. ఆమె దారం కోసం లోపలికి వెళ్ళిన సమయంలో, ఆ గుడ్డ అతని కంటికి అచ్చం సముద్రంలా కనిపించింది. ఒక కొస తన వైపు లాక్కుని, సొరచేపని దాని మీద పడుకోబెట్టాడు. లైటు వేయగానే టప్పుమని బల్బు పోయింది.

కొత్త బల్బు కోసం ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. బల్ల శుభ్రంగా ఉంది. భార్య లేదు, కర్టెన్లు లేవు. డబ్బీ ఖాళీగా నోరు వెళ్ళబెట్టుకుని ఉంది. బూడిదరంగు గుడ్డ మీద ఒకే ఒక్క వాషరు మిగిలి ఉంది.

ఆ వాషరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ లెక్క ఏనాడూ తప్పదు. ఒక వాషరు మిగిలిందంటే దాని బదులు ఇంకోటేదో కర్టెన్లోకి పోయినట్టే. కళ్ళు మిషను మీద పెట్టి చేత్తో తడిమి తీసుకోవడం ఆవిడ అలవాటు.

ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. అడగాలంటే డబ్బీ తెరిచానని చెప్పుకోవాలి. రాత్రి కొట్టిన డాబు ఇంకా చెవుల్లోనే ఉంది. చెప్పులు కాళ్ళకి దొరికినవి దొరికినట్టు వేసుకుని క్లినిక్కుకి పరిగెత్తాడు.

అప్పటికే కర్టెన్లన్నీ తగిలించి ఉన్నాయి. భార్య పని ముగించుకుని వెళ్ళిపోయింది. జరిగింది అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. ఎవరి సొత్తో కర్టెన్లో పెట్టి కుట్టేసిందన్న మాట బయటికొస్తే ఇక ఆవిడకి పని ఇచ్చేదెవరు?

"ఏంటండీ సమస్య?" అని అడిగింది బల్ల దగ్గరి అమ్మాయి.

"పన్ను" అన్నాడు. పళ్ళ ఆసుపత్రిలో ఇంకేం అంటాడు.

"కూర్చోండి, పిలుస్తాను."

కిటికీ పక్కనే కూర్చుని కర్టెను మూల వేళ్ళతో నొక్కాడు. గుడ్డలో గుండ్రంగా తగిలింది. మధ్యలో బొక్క ఉంది, అంటే వాషరే. నాణేనికి బొక్క ఉండదు. ఈ ఉపాయం తట్టగానే కాస్త ధైర్యం వచ్చి, రెండో మూల కోసం నేల మీదికి వంగాడు.

"ఏం పోయింది బాబూ?" అంది ఎదురుగా కూర్చున్న పెద్దావిడ.

"గుండీ అండీ."

ఆవిడ మంచి మనిషి. తనూ వంగింది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు వంగారు. ఐదు నిమిషాల్లో గదిలో ఉన్నవాళ్ళంతా దవడలు పట్టుకుని నేల మీద లేని గుండీ వెతుకుతున్నారు. ఆ సందడిలో అతను ఆరు కర్టెన్ల పన్నెండు మూలలూ నొక్కేశాడు. పన్నెండింటికీ బొక్కలే. మిగతా ఐదు కర్టెన్లూ డాక్టరు గదిలో ఉన్నాయి. అప్పుడే అతని వంతు వచ్చింది.

"బయటి గదిలో నొప్పితో నేల మీద పొర్లుతున్నారట, పాపం" అన్నాడు డాక్టరు, అతన్ని కుర్చీలో వెనక్కి వాల్చి. "ఏ వైపు?"

కుడి వైపు చేతికందేంత దూరంలో రెండు కర్టెన్లున్నాయి. "కుడి" అన్నాడు.

డాక్టరు లోపలికి దీపం వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్ళుగా ఓర్చుకుంటున్నారండీ దీన్ని? ఇది పుచ్చి నెలలయింది. ఇప్పుడే తీసేద్దాం."

వద్దంటే లేచి బయటికి పోవాలి. పోతే పది మూలలు మిగిలిపోతాయి. కళ్ళు మూసుకుని తలూపాడు. సూది దిగింది. పన్ను ఊడుతున్నంతసేపూ అతని కుడి చెయ్యి కర్టెను అంచుని పట్టుకుని తడుముతూనే ఉంది. నొప్పిని భరించడానికి పట్టుకున్నాడనుకుని డాక్టరు పట్టుకోనిచ్చాడు. లేచాక కళ్ళు తిరుగుతున్నట్టు నటిస్తూ ఒక్కో కిటికీనీ ఆసరా చేసుకుని మిగతా మూలలు చూశాడు. ఇరవై రెండో మూలలోనూ బొక్క ఉంది.

నాణెం అక్కడ లేదు.

ఇంటికొచ్చేసరికి కెప్టెన్ గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. దారిలోనే అతను ఒక నిశ్చయానికొచ్చాడు. పోగొట్టింది ఎలాగూ పోగొట్టాడు, ఇక అబద్ధం కూడా ఆడి ఆ ముసలాయన మొహం చూడలేడు. చేతులు జోడించి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. సగం మూతి మొద్దుబారి ఉంది, బుగ్గలో దూది ఉంది. ఎంత చెప్పినా ఒక్క మాటా మాటలా బయటికి రాలేదు.

భార్య అతన్ని ఎగాదిగా చూసి, సొరుగు తెరిచి డబ్బీ తెచ్చి కెప్టెన్ గారి ముందు పెట్టింది. లోపల సొరచేప ఉంది.

కెప్టెన్ గారు భూతద్దం తీశారు. "రెక్క మీద దారప్పోగు ఉంది" అన్నారు చివరికి. "డబ్బీ ఎవరు తెరిచారు?"

"తెరిచామండీ. తప్పు మాదే" అంది ఆమె. "నా కర్టెన్లోకి పోయింది. క్లినిక్కులో తగిలించి చూస్తే బరువుకి ఒక మూల వేలెడు కిందికి దిగి ఉంది. నా చేతిలో అలా జరగదే అని విప్పితే ఇది కనబడింది. సంచిలో వేరే వాషరుంటే అది పెట్టి కుట్టేసి, దీన్ని తీసుకొచ్చేశాను. అప్పట్నుంచీ ఈయన కోసమే చూస్తున్నాను."

అతను దారిలో చెమటలు కక్కుతున్నప్పుడే నాణెం ఇంకో దారిన ఇంటికి చేరిందన్నమాట. నాలుకతో ఖాళీ చోటుని తడిమి చూసుకున్నాడు. ఇప్పుడా పన్ను సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

కెప్టెన్ గారు డబ్బీని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎలా తెరిచారమ్మా?" అన్నారు.

"అంటే?"

"తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, నా వల్ల కాలేదు. గట్టిగా నొక్కితే విరుగుతుందేమోనని భయం. అంత ఓడ నడిపినవాణ్ణి, డబ్బీ తెరవడం రాదని ఎవరికి చెప్పుకోను? మా వాళ్ళిచ్చినదాన్ని ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు."

ఆమె కుట్లు విప్పే పనిముట్టు అంచులో దూర్చి ఒక్క మెలి తిప్పింది. నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో సొరచేప పళ్ళని ఒక్కొక్కటే తడిమారు. తలెత్తి చూసేసరికి, గోడకి ఆనుకుని నిలబడ్డ ఫొటోగ్రాఫరు బుగ్గ పట్టుకుని ధారగా కన్నీళ్ళు కారుస్తున్నాడు.

"నాకోసం ఇంతగా కదిలిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదు" అన్నారు కెప్టెన్ గారు, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

ఇంజెక్షను మత్తు సరిగ్గా అప్పుడే దిగడం మొదలైంది.