నిత్యవాహన కప్పు, ఒక తెల్ల చెప్పు

ఇంగ్లండులోని మా లిడ్‌కోట్ పట్టణ పాత స్పోర్ట్స్ కార్ల సంఘం ఈ ఏటి నిత్యవాహన కప్పును శ్రీ క్లైవ్ పెండిల్‌బరీ గారికి ఏకగ్రీవంగా ప్రదానం చేసింది. యాభై ఏళ్లు దాటిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారును షెడ్డులో దాచుకోకుండా ఆఫీసుకూ, కూరగాయలకూ, శుభకార్యాలకూ రోజూ నడిపే ధీరులకే ఈ గౌరవం. ఆ కారు గమ్యం చేరి తీరాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. బయలుదేరితే చాలు.

క్లైవ్ గారి ఆకుపచ్చ రోడ్‌స్టర్, అంటే గుడ్డ టాపు వేసుకునే రెండు సీట్ల కారు, సద్గుణాల పుట్ట. బయట వాన పడితే లోపలా పడుతుంది. ఆగిన చోటల్లా నూనె కారుస్తుంది. కారడం మానేస్తేనే క్లైవ్ గారికి కంగారు, లోపల నూనె నిండుకుందని. మా సంఘంలో ‘చెడిపోయింది’ అన్న మాట నిషిద్ధం. ‘అమ్మాయిగారు అలిగారు’ అనాలి.

ఆయన భార్య మొరీన్‌కు బూడిదరంగు చిన్న కారొకటి ఉంది. తాళం తిప్పితే కదులుతుంది. అంతకుమించి దానికి వ్యక్తిత్వం లేదని సంఘం ఎన్నడో తీర్మానించింది.

మొన్న జూన్‌లో వారి కూతురు ఇమోజెన్ పెళ్లి. తండ్రి చేయి పట్టుకుని చర్చిలోకి నడవాలని ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ కలలు కన్నది. రోడ్‌స్టర్‌లోనే తీసుకెళ్తానని తండ్రి పట్టుబట్టారు. మొరీన్ తన కారులో వెనకాలే బయలుదేరింది. తన పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అలాగే వెనకాల వస్తోంది.

చర్చి గుట్ట కింద, జోరువానలో, అమ్మాయిగారు అలిగారు.

“ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మొరాయించిందంతే. ఏదీ, నీ చెప్పొకటి ఇలా ఇయ్యి తల్లీ,” అన్నారు క్లైవ్. ఆ పంపును చెప్పు మడమతో నాలుగు తగిలిస్తే మళ్లీ కొట్టుకుంటుందని మా సంఘంలో అందరికీ తెలుసు.

“నాన్నా, ఇది పెళ్లికి కొన్న చెప్పు!”

“మడమ భలే గట్టిగా ఉందే!”

తోటి సభ్యుడి కారు ఆగితే దాటిపోవడం మా సంఘంలో మహాపాపం. పెళ్లికొస్తున్న సభ్యులంతా ఆగారు. ఆగిన పాపానికి వాళ్ల కార్లూ మళ్లీ కదల్లేదు. బోనెట్ల కింద తలలు దూర్చి, తడిసి ముద్దవుతూ, అందరూ పరమానందభరితులయ్యారు.

“తీగలు తడిశాయిరా క్లైవ్!”

“తీగలా నీ మొహమా? కార్బురేటర్ చూడు ముందు!”

గుట్ట మీద గంటలు మోగాయి. మొరీన్ కిటికీ దించింది. “క్లైవ్, వచ్చి కారెక్కు. అక్కడ అందరూ కాచుకుని ఉన్నారు.”

“ఒక్క నిమిషం! దీన్ని ఇలా వానలో ఒంటరిగా వదిలేసి ఎలా రమ్మంటావ్?”

“నేనూ వానలోనే ఉన్నాను నాన్నా,” అంది ఇమోజెన్. ఒంటి చెప్పుతో వెళ్లి అమ్మ కారెక్కింది. ఆ పిల్లను చర్చిలోకి మొరీనే చేయి పట్టుకుని నడిపించింది. కేకు కోయడం కూడా అయిపోయాక రోడ్‌స్టర్ విజయగర్వంతో విచ్చేసింది.

కప్పు అందుకున్న రోజున క్లైవ్ గారు గద్గదస్వరంతో ప్రసంగించారు. “మిత్రులారా! ఇన్నేళ్లలో ఈవిడ నన్ను ఒక్కసారి కూడా నట్టేట ముంచలేదు. ఈ కాలపు కార్లకు ఆత్మ ఎక్కడిది?” హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కప్పు పక్కనే గాజుపెట్టెలో, మడమకు గ్రీజు అంటిన ఆ తెల్ల చెప్పును ప్రదర్శనకు పెట్టారు. దాన్ని అడగడానికి ఇమోజెన్ రాలేదు. పెళ్లయ్యాక ఆ పిల్ల తండ్రి గడపే తొక్కలేదు.

సభ ముగిసేసరికి బయట చినుకులు. సంఘం కార్లన్నీ మూకుమ్మడిగా అలిగాయి. మొరీన్ మమ్మల్నందరినీ విడతలవారీగా తన కారులో ఇళ్లకు చేర్చింది. సీట్లు వెచ్చగా, పొడిగా ఉన్నాయి. ఈ బండికి ఆత్మ లేదని దారి పొడుగునా చెప్పుకున్నాం. దిగేటప్పుడు ఆవిడకు థాంక్స్ చెప్పాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

నవ్వుతున్న పాఠక మహాశయా, మీ ఇంట్లో మీకెప్పుడైనా తోచిందా?