నర్సింగం విప్పిన ఏడు ముడులు

“గోదావరిఖనిల నేరం ఇంకా మిగిలి ఉన్నదంటే, నేను రిటైరై ఇంట్ల కూసున్నందుకే” అని ప్రకటించాడు నర్సింగం, లచ్చవ్వ ఇంటి తాళం తీస్తూ. ముప్పై ఏళ్ళు గని గేటు దగ్గర హాజరు వేసిన మనిషి. నడక చూసి దొంగను పట్టేస్తానంటాడు. పోయిన నెల అలా పట్టుకున్నది సొంత బావను.

పక్కింటి లచ్చవ్వ పోయి నెలయింది. ఆమె సామాను పంచుకోవడానికి కూతుళ్ళు సారక్క, జమున మధ్యాహ్నం గోదారి అవతలి జైపూర్ నుంచి వస్తున్నారు. ఇల్లు ఊడ్చి ఉంచమని తాళంచెవి నాకిచ్చారు. నర్సింగం పిలవకుండానే వచ్చి, దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

లోపల పెద్ద గంగాళం మొదలు చిన్న సర్వ గిన్నె దాకా ఏడు ఇత్తడి సామాన్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మెడకు ఒక గుడ్డ పేలిక. ఇది అంతర్రాష్ట్ర ముఠా పనేనని, ఎత్తుకుపోయేవాటికి గుర్తులు పెట్టుకున్నారని నర్సింగం తేల్చేశాడు. పేపర్లో వేయడానికి ఒక్కోదాని ముందు చతికిలబడి తన ఫొటో తీసుకున్నాడు. నేను వద్దంటున్నా ముడులన్నీ విప్పి, పేలికలను సాక్ష్యంగా పాలకవర్లో వేశాడు. ఆకుపచ్చవి మూడు, పసుపువి మూడు, కనకాంబరం రంగుది ఒకటి.

కవరు చూడగానే సారక్క గడపలోనే కూలబడింది. నర్సింగం ముఠా గురించి మొదలుపెట్టాడు.

“ముఠా కాదు కాకా, మా అమ్మ కట్టింది. రాత రాని ఆడోళ్ళు కాయిదం రాస్తరా? మా అమ్మమ్మ, ఆమె తల్లి గూడ గిట్లనే చేసిండ్రట. ఏది ఎవలికి ఇయ్యాల్నో, వాళ్ళు కట్టి ఇడిసిన చీర చింపి దానికి కట్టుడు. పచ్చది నాది, పసుపుది చెల్లెది.”

“ఇగ గంగాళం ఎవలిదో ఎట్ల ఎరుకయితది?” అంది జమున.

అమ్మ గంగాళం తనకే అన్నదని జమున, కాదు తనకేనని సారక్క. ఒక్క ఆటోలో వచ్చినవాళ్ళు వేర్వేరు బస్సులెక్కి పోతామని, ఇక ఒకరి గడప ఒకరు తొక్కమని అనేదాకా వచ్చింది.

నర్సింగం ముఖం వాడిపోయింది. సిగ్గుతో ఫొటోలన్నీ చెరిపేయబోయి, కళ్ళజోడు లేక, మా వీధి వాట్సాప్ గ్రూపులోకి పంపేశాడు. నా ఫోను ఏడుసార్లు మోగింది.

ప్రతి ఫొటోలోనూ ముప్పాతిక వంతు అతని మీసమే. కానీ ఎడమ చెవి వెనక గంగాళం, దాని మెడకు పసుపు పేలిక. సారక్క నా ఫోను తీసుకుని చెల్లెలి ముందు పెట్టింది.

“నీదే. నా మనుమరాలి పెండ్లికి అడిగితే ఇస్తవా?”

“అడుగుడేంది అక్కా. నేనే మోసుకొస్త.”

ఆరు సామాన్లకు లెక్క తేలింది. ఏడోది చిన్న సర్వ. దాన్ని నర్సింగం తల పూర్తిగా కప్పేసింది. మిగిలింది కనకాంబరం పేలిక ఒక్కటే. ఆ చీర ఎవరిదో మాకు ఎరుక లేదన్నారు అక్కచెల్లెళ్ళు.

నాకు తెలుసు. అది నా భార్య రాజకుమారిది. ఆమె పోయాక లచ్చవ్వకు నేనే ఇచ్చాను. ఆ తర్వాత ఏడాదిపాటు, అడగకుండానే, లచ్చవ్వ నాకు చారు తెచ్చింది ఈ సర్వలోనే.

జమున దాన్ని నా చేతిలో పెట్టింది. నర్సింగం కేసు ఛేదించానని తన జేబు పుస్తకంలో రాసుకున్నాడు.  పేలికను తిరిగి సర్వకు తనే కట్టాడు, ముడి నాలుగుసార్లు జారినా.