దర్జీవీరుని పెద్దబల్ల పరిరక్షణము

కాలమా, ఆదివారపు పూర్వాహ్ణము. స్థలమా, ఇనుప సామాన్ల దుకాణము నెత్తిన, ఇరుకు మెట్లెక్కి తల వంచి దూరవలసిన పొడవాటి క్లబ్బు గది. ఆ గది నడుమ, వ్రేలాడు దీపముల వెలుగులో, హరితవస్త్రపరివేష్టితమై, షడ్గహ్వరభీకరమై, ఎందరెందరో శూరుల పరువును ఆరు గోతులతో మ్రింగియు త్రేన్పైనను త్రేన్చని స్నూకరు పెద్దబల్ల పవ్వళించి ఉండెను. దానికి జోహారు! దానిచుట్టు తిరిగి తిరిగి ఇంటిదారి మరచిన మగమహారాజులకు జోహారు! వారిని వెతుక్కొనుచు మెట్లెక్కి వచ్చిన ఇల్లాండ్రకు వేయి జోహారులు!

అట్టి బల్లపై ఒకప్పుడు ఏకచ్ఛత్రాధిపత్యము నెరపినవాడు, కంఠమున టేపును హారముగా ధరించినవాడు, దూరపు ఎర్రబంతిని ఒక్క పోటుతో గోతిపాలు చేసి మీసమైనను దువ్వనంతటి నిగర్వి, మన దర్జీ. అందరును ఆయనను మాస్టారందురు.

అయితే ఏనుగుకైనను కాలు జారును. బడులు తెరచు ఋతువున యూనిఫాముల ఉప్పెన వచ్చి పడగా, మాస్టారు నెలల తరబడి మిషనును విడువక, సూదికి దారమెక్కించుచు, గుండీలు కుట్టుచు, క్లబ్బు మొగమే చూడడాయెను. ఉప్పెన తగ్గిన పిమ్మట క్యూ కర్ర చేబట్టి తిరిగి వచ్చి చూచునుగదా, బంతులాయనను గుర్తుపట్టలేదు! కుడికి కొట్టినది ఎడమకును, ఎడమకు కొట్టినది ఎదుటివాని నవ్వులోనికిని పోవుచుండెను.

"బల్ల ఒకవైపు వాలిపోయిందయ్యా!" అనెను మాస్టారు.

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా బావా!" అనెను ఆ ఎదుటివాడు. వాడు స్వయాన ఆయన భార్యకు తమ్ముడు, మందులషాపు యజమాని, పూర్వము మాస్టారి చేతిలో ఓడి ఓడి ఓటమికే మొద్దుబారినవాడు. ఇప్పుడు వానికి పట్టపగ్గములు లేవు.

ఇంతటితో పోయిన బాగుండును. ఆ క్లబ్బునకొక కట్టుబాటు కలదు. ఆదివారపు ఆటలో ఒక్క దఫాయైనను ఎరుపు, వేరొక రంగు, మరల ఎరుపు, ఇట్లు వరుసగా మూడు బంతులను గోతులలో వేయజాలనివాడు పెద్దబల్లకు అనర్హుడు. మెట్లపక్కనున్న చిన్నబల్లకు, నేర్చుకొనువారి నడుమకు, దిగిపోవలెను. ఆ చిన్నబల్ల గుడ్డ చినిగినప్పుడు అతుకు వేసినది మన మాస్టారే. ఆ కుట్టుమీదికెక్కిన ఏ బంతియు తిన్నగా పోదని ఆయనకు తెలిసినంతగా బ్రహ్మకైనను తెలియదు.

లెక్కలు పలుకు మార్కరు ఆయనను పక్కకు పిలిచి, "మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఇన్నాళ్లు చూసీచూడనట్టు ఊరుకున్నా. నెలాఖరు ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత నన్ను తిట్టుకోవద్దు," అనెను.

"దిగులెందుకు బావా? నీ కుట్టు ఎంత గట్టిదో నువ్వే ఆడి చూసుకోవచ్చు!" అని బావమరిది కారము చల్లెను.

అవమానాగ్నిదగ్ధుడై ఇల్లు చేరిన ఆ వీరుడు మరునాటి వేకువనే బట్టలు కత్తిరించు బల్లమీద తెల్లని గీత గీసి, గీత కొసన ఖాళీ సీసానొకదానిని పడుకోబెట్టి, దాని మూతికి తగులకుండ క్యూ కర్ర కొసను లోనికి పోనిచ్చి వెనుకకు తీయు కఠోరసాధన కుపక్రమించెను. టింగు! టింగు! టింగు! వీధివారి నిద్ర చెడెను; సీసా మాత్రము చెక్కుచెదరలేదు.

"పొద్దున్నే సీసా చప్పుడేంటండీ? వినేవాళ్లు ఏమనుకుంటారు?" అనుచు భార్య వచ్చెను.

మాస్టారు కర్రనెత్తి గర్జించెను: "ఓ గృహలక్ష్మీ! ఇది గాజుసీసా కాదు, నా పూర్వవైభవ దుర్గద్వారము! నా దండము దీని కంఠమును తాకక చొచ్చి వెలువడు దాక నాకు కాఫీ లేదు, కునుకు లేదు, నీ సోదరుని ముఖావలోకనము లేదు!"

"మా తమ్ముడి మొహం చూడకపోతే వాడికొచ్చే నష్టమేం లేదు గానీ, ఆ ఎడమకన్ను ఎందుకు మూస్తున్నారు? సూదిలో దారం ఎక్కిస్తున్నారా?"

పిడుగు పడినట్లు మాస్టారు నిలువున కొయ్యబారెను. నిజమే! వేల గుండీల కొరకు వేలసార్లు దారమెక్కించిన ఆ ఎడమకన్ను, చిన్న రంధ్రము కనబడినంతనే తనంతట తాను మూతబడు విద్య నేర్చియుండెను. సూదిబెజ్జమేదో స్నూకరు గొయ్యేదో దానికేమి తెలియును పాపము?

ఆనాటినుండి శత్రువు బావమరిది కాదు, సొంత కనురెప్ప. ప్రతిదినము దుకాణము తలుపు తెరువకమునుపే మాస్టారు రెండు కన్నులును గుడ్లగూబవలె తెరచి సీసాపై దండెత్తుచుండెను. ఒకనాడు తప్పును, ఒకనాడు కుదురును, మరునాడు కుదిరినది మరల తప్పును. అయినను మానలేదు. పోను పోను టింగుమను చప్పుడు పలుచబడి, ఒక వేకువన అసలే వినబడకపోగా, భార్య వంటింటిలోనుండి గరిటెతో పరుగెత్తి వచ్చి, "ఏమైందండీ? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగెను.

అంత నెలాఖరు ఆదివారము వచ్చెను, సమరము మొదలయ్యెను. బావమరిది బంతి వెంట బంతిని గోతులకు ఆహుతి చేయుచు లెక్కను కొండంత పెంచెను. మాస్టారు ఒక ఎరుపు వేసి రంగు తప్పెను. మరల ఎరుపు వేసి మరల రంగు తప్పెను. చూచుచుండగా బల్లపై రెండే ఎర్రబంతులు మిగిలెను. బావమరిది గురి తప్పి తొలగెను. ఇదే కడపటి అదను.

"ఎందుకు బావా శ్రమ? ఆట నాదైపోయింది," అనెను వాడు.

"ఆట నీదేరా. బల్ల నాది!" అనెను మాస్టారు.

వంగెను. గడ్డము కర్రకాన్చెను. మొదటి ఎరుపు నడిమి గోతిలో గుభిల్లుమనెను. కర్రపోటు తిను తెల్లబంతి విధేయురాలై నల్లబంతి చెంత నిలిచెను; నల్లబంతి మూలగోతిలో అదృశ్యమాయెను. మిగిలిన ఎరుపు ఆవలి కొసన, అంచునంటి, కదలనని మొండికేసినట్లుండెను. మాస్టారు బలము చూపక, పసిబిడ్డను జోకొట్టినట్లు కొట్టెను. ఆ బంతి అంచువెంట పాకి, పాకి, పెండ్లిచూపుల గదిలోనికి వచ్చు పిల్లవలె ముందుకొక అడుగు, సందేహమొక అడుగుగా నడచి, గోతి పెదవిపై నిలిచి, లోనికి తొంగి చూచి, సరే కానిమ్మని దూకెను!

ఆ సంతోషమున మాస్టారు మరుపోటుకు తెల్లబంతినే గోతిలో వేసి వంతు పోగొట్టుకొనెను. శేషించిన రంగులన్నియు బావమరిది ఏరుకొనెను.

"ఫ్రేమ్ మీ బావమరిదిది, తేడా డెబ్బై పాయింట్ల పైమాటే," అనెను మార్కరు. "మీరు పెద్దబల్లమీదే ఉంటున్నారు మాస్టారూ. వచ్చే ఆదివారం దాకా."

మాస్టారు ఉరుమువలె నవ్వుచు మెట్లు దిగగా, క్రింద ఇనుప సామాన్ల దుకాణదారుడు తల ఎత్తి, "ఎవరు గెలిచారండీ?" అని అడిగెను.

"మా బావమరిది!" అని మాస్టారు వీధి మారుమ్రోగ చాటెను.

లోకులారా, చెవులొగ్గి వినుడు! డెబ్బది పాయింట్ల పైచిలుకు తేడాతో చిత్తుగా ఓడిన ఆ మహావీరుడు, ఒక వారము పాటు, అందును ఆరు దినములు క్లబ్బు గడప తొక్కుటకైనను తీరిక లేని వారము పాటు, పెద్దబల్లపై తన హక్కును అఖండముగా, అప్రతిహతముగా నిలుపుకొనెను!