అత్తగారి చెవికి అల్లుడి మనసు

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. వైర్లు లేకుండా బ్లూటూత్‌లో మాటను పంపే పరీక్ష బోర్డు ఒకటి ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. మాటను కుదించి గాల్లోకి వదిలి, అవతల చెవి దగ్గర మళ్లీ విప్పే కోడెక్ చిప్పు దాని గుండెకాయ. పడకగదిలో మైకు ముందు మాట్లాడితే హాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి వినిపించాలి, అంతే. కాసేపట్లో మేనేజరు స్వయంగా చూడటానికి వస్తున్నాడు. వినిపిస్తే కొత్త ప్రాజెక్టు అల్లుడిది, లేకపోతే పక్క టీముది. ఏళ్ల తరబడి ఇంకొకళ్ల ప్రాజెక్టుల్లో స్క్రూలు బిగిస్తూ వచ్చిన మనిషికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

భార్య డ్యూటీకి వెళ్లిపోయింది కాబట్టి వినే బాధ్యత అత్తగారి మీద పడింది.

"అత్తయ్యా, నేను చెప్పేదాకా ఇది తీయకండి. వినిపించగానే ఒక్క కేక వేయండి" అని హెడ్‌ఫోన్లు ఆవిడకి తగిలించి లోపలికి వెళ్లాడు.

తప్పు అంతకుముందే జరిగిపోయింది. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఆలస్యం విలువ మైక్రోసెకన్లలో ఉంది. ల్యాప్‌టాప్ తెర మీది గడి మిల్లీసెకన్లలో అడుగుతోంది. అల్లుడు ఆ తేడా గమనించకుండా ఉన్న అంకెను ఉన్నట్టే ఎక్కించాడు. దాంతో రెప్పపాటులో చేరాల్సిన మాట వెయ్యి రెట్లు నిదానించి, మూడు నిమిషాలు దాటితే గానీ అవతలి చెవిన పడదు. ఈ సంగతి మనకు తెలుసు గానీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఒకటి, రెండు, మూడు. వినిపిస్తోందా అత్తయ్యా?"

"ఊహూఁ" అంది అత్తగారు హాల్లోంచి.

అల్లుడు తీగలు పీకి పెట్టాడు, మీటలు నొక్కాడు. ఒళ్లు మండిపోయి, మైకు ముందే కూర్చుని గొణుక్కున్నాడు. "నా మాటకొచ్చేసరికి ఈవిడకి చెవులు పనిచేయవు. పొద్దున ఇచ్చిన కాఫీ కూడా అంతే, గ్లాసు కడిగిన నీళ్లు!" అలా కాస్త బరువు దింపుకుని, ముఖాన నవ్వు పులుముకుని హాల్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అత్తగారు ఇంకో కప్పు కాఫీ ఇచ్చింది.

"మీ చేతి కాఫీయే కాఫీ అత్తయ్యా" అని కప్పు నోటికి ఆనించాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారి చెవుల్లో అల్లుడి గొంతు, "వినిపిస్తోందా అత్తయ్యా?" అంది. ఆవిడ ఉలిక్కిపడి చూసింది. అల్లుడి పెదాలు కప్పుకే అంటుకుని ఉన్నాయి. నోరు కదలడం లేదు. చూస్తుండగానే ఆ గొంతు ఆవిడ చెవుల సంగతీ కాఫీ సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. అల్లుడు మాత్రం ఆప్యాయంగా నవ్వుతున్నాడు.

అత్తగారు లేచి, బాల్కనీలో పేపరు చదువుకుంటున్న మామగారి దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, ఇది మాటలు వినే మిషను కాదు. మనసులో అనుకునేవి వినిపిస్తున్నాయి" అంది.

"నీ మొహం" అన్నాడు మామగారు.

ఆవిడ హెడ్‌ఫోన్లు సర్దుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. నిజానికి అప్పుడు చెవుల్లో ఏ చప్పుడూ లేదు. మామగారికి ఆ సంగతి తెలియదు. పేపరు మడిచి పక్కన పడేశాడు.

"వాకింగుకి వెళ్లడం లేదే! వీధి చివర బేకరీలో కూర్చుంటున్నాను. డాక్టరు వద్దన్న కేకు రోజూ తింటున్నాను. ఇక చూడకే తల్లీ!"

అత్తగారికి మిషను మీద గురి కుదిరింది. మామగారు ఆవిడ చూపు తగలని చోటు వెతుక్కుంటూ గుమ్మం వైపు జారుకున్నాడు.

ఈలోగా అల్లుడు మళ్లీ మైకు ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. "ఇక ఇది కుదిరినట్టే. మేనేజరు వస్తాడు, చూస్తాడు, ప్రాజెక్టు పట్టుకెళ్లి పక్క టీములో ఉన్న వాళ్ల బావమరిదికి కట్టబెడతాడు. నా బతుకింతే" అన్నాడు. ఈసారి కోపం లేదు, గొంతు నిజంగానే వణికింది.

అంతలో బెల్లు మోగింది. తలుపు తీసింది మామగారే.

"మీరు మేనేజరా బాబూ? లోపలికొచ్చే ముందు మనసు కాస్త సర్దుకుని రండి. మా ఆవిడ చెవులకి ఉన్నదాంట్లో మనం అనుకునేదంతా వినిపిస్తోంది. నా కొంప మునిగింది" అన్నాడు చెవిలో.

మేనేజరు అమ్మకాల విభాగం నుంచి పైకొచ్చిన మనిషి. బోర్డుకు ముందేదో వెనకేదో పక్కవాళ్లు చెబితే తెలుసుకునే రకం. పెద్దగా నవ్వేశాడు గానీ, సోఫాలో కూర్చుని అత్తగారికి ఎదురుపడగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఆవిడ వింటోంది. వినేకొద్దీ ఆవిడ కళ్లు ఎర్రబడుతున్నాయి.

"ఏమయ్యా! మా అల్లుడి ప్రాజెక్టు మీ బావమరిదికి కట్టబెడతావా?" అంది.

మేనేజరు సోఫాలోంచి లేచిపోయాడు. "అమ్మా, మాటిచ్చానంతే! ఇంకా సంతకం పెట్టలేదు!"

"మా అల్లుడు నా కాఫీని తిట్టుకున్నా పడతాను, ఇంటి మనిషి. వాడి గొంతు అలా వణకడం నా చెవులారా విన్నాను. వాడి ఉసురు పోసుకోకు!"

లోపల అల్లుడు కొయ్యబారిపోయాడు. తను మైకు ముందు ఎప్పుడో గొణిగిన ముక్క ఆవిడ ఇప్పుడు అప్పజెబుతోంది! తెర వైపు చూశాడు. గడి, పుస్తకం, మళ్లీ గడి చూసి నెత్తి కొట్టుకుని మూడు సున్నాలు చెరిపేశాడు.

"వినిపిస్తోందా అత్తయ్యా?"

"వినిపిస్తోంది గానీ, ఇప్పుడు నోటితో అన్నదే వినిపిస్తోంది" అంది అత్తగారు నిరుత్సాహంగా.

మేనేజరుకి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. హెడ్‌ఫోన్లు అడిగి తీసుకుని తలకు బిగించుకున్నాడు. "ఏమయ్యా, ఇలా వచ్చి నా ఎదురుగా నిలబడు. నన్నే చూడు. నా గురించి ఆలోచించు."

అల్లుడికి ఏమీ అర్థం కాకపోయినా వచ్చి నిలబడ్డాడు. మైకు పడకగదిలోనే ఉంది. మేనేజరు చాలాసేపు చెవులు రిక్కించాడు.

"ఒక్క ముక్క వినిపించడం లేదు" అన్నాడు.

అల్లుడు "సార్, అది మైకు..." అనబోతుంటే మామగారు వెనకనుంచి గట్టిగా గిల్లాడు. తలెత్తి చూస్తే మేనేజరు కళ్లు చెమర్చి ఉన్నాయి.

"నీకు ఇంత అన్యాయం చేయబోయానని తెలిసీ, నా మీద మనసులో ఒక్క చెడ్డమాట లేదటయ్యా! ప్రాజెక్టు నీదే" అని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

ఆ క్షణాన అల్లుడి మనసులో ఉన్నది మాత్రం అచ్చులో వేయడానికి వీల్లేనిది.